పాదం కొలత తెలియని ఇల్లు

హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే రహదారిలో మొయినాబాద్ దాటాక రోడ్డుకు ఇరువైపులా మర్రిచెట్లు మొదలవుతాయి. చేవెళ్ల దాకా వాటి నీడ మనల్ని విడిచిపెట్టదు. ఆ రోడ్డుకు కొంచెం లోపలగా మా అన్నయ్య ఇల్లు, ఇంటి వెనుక గులాబీ తోట. మంచు అన్నది ఫ్రిజ్‌లో తప్ప ఎన్నడూ చూడని ఆ ఇంట్లో, కిందటి శీతకాలం ఒక సాయంత్రం ఇషా నమాజు తరువాత అందరం మంచు గురించే మాట్లాడుకున్నాం.

కారణం మా అన్న కొడుకు. మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చదువుతున్నాడు. కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ నేర్పే శిక్షణకు మిత్రులతో కలిసి వెళ్లడానికి అనుమతి సంపాదించాడు. నింపి పంపవలసిన కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. పేరు, వయసు, ఎత్తు, బరువు అన్నీ రాశాడు. ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. "పాదం పొడవు, సెంటీమీటర్లలో."

"చాచా, నా చెప్పులు ఎనిమిదో నంబరు. దీన్ని సెంటీమీటర్లలోకి ఎట్లా మార్చాలి?" అని అడిగాడు.

"మార్చొద్దు బేటా, కొలుద్దాం" అన్నాను.

నేను అంత నిశ్చయంగా చెప్పడానికి కారణం నా సొంత అనుభవం. కొన్నేళ్ల క్రితం నేనూ గుల్‌మర్గ్ వెళ్లాను. అద్దెకు బూట్లు ఇచ్చేచోట "ఎంత నంబరు?" అని అడిగితే, చెప్పుల నంబరు చెప్పి, పైగా "కాస్త వదులుగా ఇవ్వండి" అన్నాను. ఇచ్చినవాడు ఇచ్చాడు. మూడో రోజుకు రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి, నెల తిరిగేసరికి రాలిపోయాయి. బిగుతు బూటు గోళ్లను దెబ్బతీస్తుందని అందరూ అనుకుంటారు. నా గోళ్లను తీసింది వదులు బూటు. అందులో పాదం ముందుకు జారి, ప్రతి మలుపులోనూ వేళ్లు గట్టి గోడకు గుద్దుకుంటాయి. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

కొలవడం కష్టమేమీ కాదు. ఒక తెల్లకాగితం గచ్చు మీద గోడకు ఆనించి పరిచాము. పిల్లవాడు మడమను గోడకు తాకించి దాని మీద నిలబడ్డాడు. కూర్చుని కొలిస్తే పాదం పొట్టిగా కనిపిస్తుంది. శరీరం బరువు పడినప్పుడు పాదం వంపు కొంచెం దిగి, పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి. అన్నిటికన్నా ముందుకు వచ్చిన వేలి కొస దగ్గర గీత పెట్టాలి. అది అందరికీ బొటనవేలే కానక్కరలేదు, కొందరికి రెండో వేలు పొడవు. పొద్దున్నే కాక సాయంత్రం కొలవడం మేలు, దినమంతా తిరిగిన పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలవాలి. మావాడి ఎడమ పాదం 26.1, కుడి పాదం 26.6 సెంటీమీటర్లు వచ్చింది. ఇరవై ఏళ్లుగా తన రెండు కాళ్లు సమానం కావని వాడికి తెలియదు. నాకు తెలిసినంతలో ఎవరికీ సమానంగా ఉండవు.

స్కీ బూట్ల కొలతకు ప్రపంచమంతటా ఒకే పద్ధతి ఉంది. దానిని మోండోపాయింట్ అంటారు. బ్రిటిష్ నంబరు, అమెరికా నంబరు, యూరప్ నంబరు అనే గందరగోళం ఇందులో లేదు. పాదం ఎన్ని సెంటీమీటర్లో బూటు సైజు అంతే. 26.5 సెంటీమీటర్ల పాదానికి 26.5 బూటు. ఎనిమిదో నంబరు చెప్పులు తొడిగే మనిషిని పట్టికలు చూసి మారిస్తే సుమారు 27 అని తేలుతుంది. మావాడి అసలు కొలత అంతకన్నా తక్కువ. చెప్పులు మనం ఎప్పుడూ కాస్త వదులుగానే కొంటాం. ఆ అలవాటు బీజాపూర్ రోడ్డు మీద చెల్లుతుంది, గుల్‌మర్గ్ వాలు మీద చెల్లదు.

కాగితం, పెన్సిలు, స్కేలు చూసేసరికి ఇంట్లో పిల్లలందరూ వరుస కట్టారు. చిన్నవాడి పాదం 18, వాడి అక్కది 22.8. భాభీ నవ్వుతూ నిలబడింది, అమ్మీని కుర్చీ పట్టుకుని నిలబెట్టి కొలిచాం. చివరికి పిల్లలు అన్నయ్యను లాక్కొచ్చారు. "నాకెందుకురా, నేనేం మంచు మీద జారబోతున్నానా" అంటూనే కాగితం మీద కాలు పెట్టాడు. గీత గీసి, కాలు తీయమన్నాను. కాగితం మీద బొటనవేలి మొదలు ఉండవలసిన చోట, రూపాయి బిళ్లకన్నా చిన్నదిగా, పసుపు ఎరుపు కలిసిన తడి మరక ఒకటి ఉంది.

"భాయిజాన్, కాలికేమైంది?"

"ఏమీ కాలేదే. నొప్పి కూడా లేదు" అన్నాడు.

అన్నయ్యకు మధుమేహం వచ్చి తొమ్మిదేళ్లయింది. అరికాలు తిప్పి దీపం కింద చూస్తే, గట్టిపడిన చర్మం మధ్య ఒక రంధ్రం, దాని చుట్టూ ఎర్రదనం. మరునాడు డాక్టరు దానిని శుభ్రం చేసినప్పుడు లోపలి నుంచి ఒక గులాబీ ముల్లు ముక్క బయటపడింది. చెప్పు అడుగు చీల్చుకుని దిగిన ఆ ముల్లుతో ఆయన ఎన్ని రోజులు తోటలో తిరిగాడో ఆయనకే తెలియదు. ఆ సంగతికి తరువాత వస్తాను. ఆ రాత్రి నుంచి నాకు స్కీ బూటు గురించి ఆలోచించినప్పుడల్లా ఆ కాగితమే గుర్తుకు వస్తున్నది.

స్కీ బూటు మనకు తెలిసిన ఏ పాదరక్షకూ పోలిక కాదు. నడవడం కోసం చేసిన జోడు పాదంతోపాటు వంగుతుంది. ఇది వంగదు. బయట గట్టి ప్లాస్టిక్ డొల్ల, దానిని షెల్ అంటారు. లోపల మెత్తటి తొడుగు, అది లైనర్. చీలమండ పైదాకా, పిక్క సగం వరకు కాలును ముందుకు వంచి పట్టుకుని ఉంటుంది. జత బరువు నాలుగు కిలోల దాకా ఉండవచ్చు. మొయినాబాద్ పరిసరాలలో గుర్రపు స్వారీ నేర్పే చోట్లు కొన్ని ఉన్నాయి, స్వారీ బూట్లు చూసినవారు ఈ తేడాను తేలికగా గ్రహిస్తారు. స్వారీ బూటుకు చిన్న మడమ ఉంటుంది. కాలు రికాబులోంచి అవతలికి జారిపోకుండా అది ఆపుతుంది, అయితే మనిషి పడితే కాలు రికాబు నుంచి ఊడిరావాలి. స్కీ బూటులో పాదం ఊడిరాకూడదు. పడినప్పుడు ఊడవలసింది బూటుకూ స్కీ చెక్కకూ మధ్యనున్న బిగింపు, అంటే బైండింగ్. బూటు పాదాన్ని గట్టిగా పట్టుకోవాలి, బైండింగ్ బూటును సమయానికి వదలాలి. ఈ రెండు పనులూ సరిగా జరిగితేనే మోకాలు క్షేమంగా ఇంటికి వస్తుంది.

పాదాన్ని అంతగా పట్టుకోవడం ఎందుకు? నాగలి దున్నినవారికి చెప్పనక్కరలేదు. మేడి వదులైతే కర్రు మాట వినదు. స్కీ మీద మనిషి మోకాలు ముందుకు వంచి, ముంగాలి ఎముకతో బూటు నాలుకను నెడతాడు. ఆ ఒత్తిడి బూటు ద్వారా చెక్కకు, చెక్క అంచు ద్వారా మంచుకు చేరుతుంది. మడమ బూటులో ఒక్క వేలెడు లేచినా ఆ ఒత్తిడి మధ్యలోనే పోతుంది. మనిషి కుడికి తిరగాలనుకుంటాడు, చెక్క తిన్నగా పోతుంది. కొత్తవాళ్లు తమకు చేతకాలేదని కుమిలిపోయే సందర్భాలలో చాలావాటికి నేరం బూటుదే.

పూర్వం ఈ బూట్లు తోలుతో చేసి తాళ్లతో కట్టుకునేవారు. తడిస్తే మెత్తబడేవి, ఆరితే బిగిసేవి. 1950లలో తాళ్ల స్థానంలో లోహపు బకిళ్లు వచ్చాయి. 1960ల మధ్యలో అమెరికాకు చెందిన బాబ్ లాంగే ప్లాస్టిక్ బూటును మార్కెట్‌కు తెచ్చిన తరువాత తోలు బూటు కొద్ది ఏళ్లలోనే కనుమరుగయింది. ప్లాస్టిక్ రాకతో స్కీ మీద అదుపు పెరిగింది. అయితే తోలు చేసే ఒక ఉపకారం పోయింది. తోలు కొన్నాళ్లకు పాదం ఆకారానికి లొంగుతుంది, ప్లాస్టిక్ తనంతట తాను లొంగదు. అందుచేత ఎంపిక నాడే సరిచూసుకోవలసిన అవసరం ఏర్పడింది.

మన దేశంలో ఈ క్రీడకు పుట్టిల్లు గుల్‌మర్గే అనవచ్చు. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మైదానంలో 1927లో బ్రిటిష్ సైనికాధికారులు స్కీ క్లబ్బు పెట్టారు. ఇప్పుడు అక్కడి గొండోలా రెండు అంచెలలో అఫర్వత్ పర్వతం మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. మొదటిసారి వెళ్లేవారు ఆ రెండో అంచె జోలికి పోనవసరం లేదు, కింద పిల్లలు నేర్చుకునే వాలు చాలు. 2020 నుంచి ఖేలో ఇండియా శీతకాల క్రీడలు కూడా అక్కడ జరుగుతున్నాయి. గుల్‌మర్గ్ దిగువన ఉన్న టంగ్‌మర్గ్ వాసి ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న ఏకైక భారతీయ క్రీడాకారుడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. ఆయన తండ్రికి గుల్‌మర్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం ఉంది. బూటు పాదానికి సరిపోవడమంటే ఏమిటో నడక నేర్చిన నాటి నుంచీ చూస్తూ పెరిగే భాగ్యం అందరికీ దక్కదు. మనం నేర్చుకోవాలి.

మొదట పొడవు. బూటు చేతికి ఇవ్వగానే తొడిగి చూసేస్తారు చాలామంది. అది తొందరపాటు. ముందు లోపలి లైనర్‌ను బయటకు లాగి, వట్టి షెల్‌లో పాదం పెట్టి నిలబడాలి. వేళ్ల కొసలు ముందు గోడను సున్నితంగా తాకేలా పాదాన్ని జరిపి, మడమ వెనుక ఎంత ఖాళీ మిగిలిందో చూడాలి. కొత్తగా నేర్చుకునేవారికి 15 నుంచి 20 మిల్లీమీటర్లు సరి. అలవాటైనవారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఎంచుకుంటారు. పందెగాళ్లు ఇంకా తక్కువతో సర్దుకుంటారు, వారి సంగతి వేరు. రెండు వేళ్లు పక్కపక్కన సులువుగా దూరి ఇంకా చోటు మిగిలితే ఆ బూటు పెద్దది, ఎంత సుఖంగా అనిపించినా పక్కన పెట్టాలి. ఇంకొక సంగతి తెలిసి ఉండాలి. సాధారణంగా 26, 26.5 బూట్లకు షెల్ ఒకటే. "అర సైజు పెద్దది ఇచ్చాను" అని దుకాణదారు అంటే, చాలాసార్లు లోపలి అట్ట తప్ప మారిందేమీ లేదు.

తరువాత వెడల్పు. మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చిన్నతనంలో వట్టికాళ్లతో, ఆ తరువాత చెప్పులతో పెరిగిన పాదం ముందు భాగంలో హాయిగా విచ్చుకుని ఉంటుంది. యూరప్ బూటు అచ్చు ఆ పాదాన్ని దృష్టిలో పెట్టుకుని పోసినది కాదు. అచ్చు వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతారు. 97, 98 అంటే ఇరుకు. 100 మధ్యస్థం. 102 నుంచి 104 వరకు వెడల్పు. మనలో చాలామందికి పొడవు సరిపోయిన బూటు వెడల్పులో నొక్కుతుంది. అప్పుడు చేసే తప్పు పొడవు పెంచుకోవడం. వెడల్పు కోసం పొడవు పెంచితే మడమ వదులవుతుంది, చీలమండ తేలుతుంది, వేళ్లు ముందుకు కొట్టుకుంటాయి. నేను చేసిన తప్పు ఇదే. చేయవలసినది అదే పొడవులో వెడల్పైన అచ్చు అడగడం. సొంత బూటైతే, ఒక్కచోట నొక్కే ప్లాస్టిక్‌ను వేడిచేసి బయటికి ఉబ్బించే నిపుణులు కూడా ఉన్నారు. లైనర్లలో కొన్ని వేడిచేస్తే పాదం ఆకారానికి మలచుకుంటాయి. అద్దె బూటుకు ఆ సేవలు దొరకవు కాబట్టి రెండు మూడు జతలు తొడిగి చూడడమే మార్గం.

మూడవది బిరుసు. బూటు మీద 70, 90, 120 వంటి అంకెలు ఉంటాయి, ముందుకు వంగడానికి ఎంత బలం కావాలో అవి సూచిస్తాయి. ఒక కంపెనీ 90కీ మరొక కంపెనీ 90కీ పొంతన ఉండదు కనుక ఆ అంకెను మరీ నమ్మవద్దు. తేలికైనవారు, కొత్తవారు తక్కువ అంకె తీసుకోవాలి. పెద్ద అంకె గొప్ప అనుకుని బిరుసు బూటు తొడిగిన యువకుడు మోకాలు వంచలేక వెనక్కి వాలతాడు, వెనక్కి వాలినవాడు పడతాడు.

లైనర్ తిరిగి పెట్టి, తొడిగి, బకిళ్లు బిగించి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకుతూ ఉంటాయి. "చిన్నదయింది" అని మనసు కేక వేస్తుంది. ఆగి, మోకాళ్లు ముందుకు వంచాలి. మడమ వెనక్కి తన గూటిలోకి చేరి, వేళ్లు గోడను వదులుతాయి. స్కీ మీద నిలబడేది ఈ వంగిన భంగిమలోనే. నిటారుగా నిలబడినప్పుడే హాయిగా ఉన్న బూటు వంగినప్పుడు వదులవుతుంది. ఒక పావుగంట అలాగే తొడుక్కుని ఉండాలి. అన్ని వైపుల నుంచీ సమానంగా పట్టుకున్నట్టు ఉంటే మంచిది. ఒకే చోట గుచ్చితే, వేళ్లు తిమ్మిరెక్కితే, అరికాలు మొద్దుబారితే విప్పి మరొకటి అడగాలి.

అడగడం దగ్గరే మా పిల్లవాడు తడబడ్డాడు. మొదటిరోజు రాత్రి ఫోన్ చేశాడు. సలాం చేసి, మంచు ఎంత తెల్లగా ఉందో, హరీసా ఎంత రుచిగా ఉందో చెప్పి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. కాగితంలో 26.5 అని రాసినా ఆ సైజు అయిపోయిందని చెప్పి 28 ఇచ్చారట. "పెద్దదే కదా, రెండు జతల మేజోళ్లు వేసుకో" అని సలహా కూడా ఇచ్చారట. వెనుక యాభైమంది వరుసలో నిలబడి ఉంటే మారు మాట్లాడటానికి సిగ్గేసిందట.

"కాళ్లు ఎట్లున్నయి?"

"వేళ్లు చల్లబడ్డయి చాచా. మడమ లేస్తున్నది. లేస్తున్నదని బకిళ్లు ఇంకా బిగించిన. అప్పటినుంచి పాదం మీద తిమ్మిరి."

పెద్ద బూటు నడిచే దారి ఎప్పుడూ ఇదే. వదులుగా ఉంటుంది, కనుక బిగిస్తాం. బిగిస్తే పాదం పైన ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందని వేళ్లు చల్లబడతాయి. చల్లగా ఉందని మరో మేజోడు తొడుగుతాం. మేజోడు మరింత నొక్కుతుంది. సున్నాకు దిగువన ఉన్న చలిలో ఈ వరుస చివరకు మంచుకాటుకు దారితీయగలదు. వేళ్లు మొదట మండుతాయి, తరువాత గుచ్చుతాయి, ఆపైన ఏమీ తెలియదు. ఏమీ తెలియకపోవడం బాగుపడినట్టు కాదు.

మరునాడు తెల్లవారి అందరికన్నా ముందే వెళ్లి నిలబడమన్నాను. వెళ్లాడు. 26.5 దొరికింది. షెల్ పరీక్ష చేసి చూపిస్తే బూట్లు ఇచ్చే పెద్దమనిషి మెచ్చుకుని, "ఎక్కడివాడివి?" అని అడిగాడట. చేవెళ్ల అంటే ఆయనకు అర్థం కాలేదు, హైదరాబాద్ అంటే నవ్వి భుజం తట్టాడట. ఆ రోజు మొదటిసారి వాడు పడకుండా మలుపు తిరిగాడు.

మేజోడు ఒక్కటే ఉండాలి. పలుచనిది, మోకాలి కింది వరకు వచ్చేది, ముడత లేకుండా లాగి తొడిగేది. నూలు చెమటను పట్టి ఉంచుతుంది, ఉన్ని లేదా కృత్రిమ దారం మేలు. లోపలి వెచ్చని పైజామా అంచును బూటులోకి దోపకూడదు. ఆ చిన్న మడత గంట తిరిగేసరికి ముంగాలి ఎముక మీద గాయం చేస్తుంది. బకిళ్లకూ ఒక క్రమం ఉంది. తొడిగిన వెంటనే మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి చేర్చాలి. ముందు చీలమండ దగ్గరి బకిల్, తరువాత పైవి, ఆపైన పట్టీ, చివరగా వేళ్ల మీది బకిల్, అదీ ఊడిపోకుండా ఉండేంత మాత్రమే. గొండోలాలో కూర్చున్నప్పుడు, టీ తాగేటప్పుడు అన్నీ వదులు చేయాలి. రాత్రి లైనర్లను బయటకు తీసి ఆరబెట్టాలి. కశ్మీరీ ఇళ్లలో బుఖారీ అనే పొయ్యి గదిని వెచ్చబరుస్తుంది. దాని పక్కన బూట్లు పెట్టాలన్న కోరిక కలుగుతుంది, కాని ఆ వేడికి లైనరూ ప్లాస్టిక్కూ రెండూ పాడవుతాయి. కొంచెం దూరంగా, గాలి తగిలేచోట ఉంచితే చాలు.

బూటు మార్చిన ప్రతిసారీ బైండింగ్‌ను కూడా మళ్లీ సరిచేయించాలి. దీన్ని మరచిపోయేవారు చాలామంది. బూటు మడమ పక్కన 305 వంటి ఒక అంకె మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. అది అడుగు పొడవు. దానితోపాటు మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం చూసి బైండింగ్ ఎంత ఒత్తిడికి వదలాలో నిపుణుడు నిర్ణయిస్తాడు. బరువు దాచి చెప్పడానికి ఇది చోటు కాదు. అబ్బాయిలు నైపుణ్యం ఎక్కువ చేసి చెబుతారు, కొందరు పెద్దలు బరువు తగ్గించి చెబుతారు. రెండింటి భారమూ మోకాలే మోయవలసి వస్తుంది. స్నేహితుడు స్క్రూ తిప్పి ఇచ్చిన స్కీ మీద ఎక్కవద్దు.

ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు దుస్తుల గురించి నన్ను అడుగుతుంటారు. స్కీయింగ్ దుస్తులు సహజంగానే ఒళ్లంతా కప్పే వదులైన దుస్తులు. హెల్మెట్ కింద పలుచని హిజాబ్ సరిపోతుంది, అంచులు జాకెట్ లోపలికి దోపి ఉంచాలి. వేలాడే దుపట్టా లాగుడు తాడులో చిక్కుకునే ప్రమాదం ఉంది.

నమాజు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మావాడు బయలుదేరే ముందు అడిగిన రెండో ప్రశ్న అది. వుజూతో తొడిగిన ఖుఫ్ఫైన్, అంటే చీలమండలను కప్పే తోలు మేజోళ్లపై మసహ్ చేయడానికి స్థానికునికి ఒక పగలూ రాత్రీ, ప్రయాణికునికి మూడు పగళ్లూ రాత్రులూ వెసులుబాటు ఉన్నదని మనకు తెలుసు. ప్లాస్టిక్ స్కీ బూటుకు ఆ సౌలభ్యం వర్తిస్తుందా, మధ్యలో విప్పితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు బయలుదేరే ముందే మీరు నమ్మే ఆలిమ్ దగ్గర జవాబు తెలుసుకోండి. ఫత్వా చెప్పడం నా పని కాదు. బూటు తెలిసినవాడిగా ఒక్క మాట చెబుతాను. స్కీ బూటుతో సజ్దా చేయడం దాదాపు అసాధ్యం. చీలమండ వంగదు, కాలివేళ్లు నేలకు ఆనవు, ఖాయిదాలో కూర్చోలేరు. తోలు ఖుఫ్‌లు తొడిగి వాటిమీద స్కీ బూటు వేస్తే పైన చెప్పిన మందపు మేజోడు చిక్కే మళ్లీ వస్తుంది. మావాడు జుహర్ వేళకు ఎలాగూ భోజనానికి ఆగుతాడు కనుక అప్పుడే బూట్లు విప్పి, గోరువెచ్చని నీటితో వుజూ చేసి నమాజు చేసుకున్నాడు. ఆ అరగంటలో పాదాలకు రక్తం ఆడి, మధ్యాహ్నం తిమ్మిరి తగ్గిందని కూడా చెప్పాడు.

ఇక అన్నయ్య సంగతి. పిల్లవాడి ఫోటోలు చూసి ఆయనకూ ఉత్సాహం వచ్చింది. వచ్చే ఏడు తానూ వెళ్లి, ఒక్కసారి ఆ బూట్లు తొడిగి మంచు మీద నిలబడతానన్నాడు. డాక్టరు దగ్గర ఆ మాట నేనే ఎత్తాను. ఆయన ఒక సన్నని నైలాన్ పోగు తీసి, అన్నయ్యను కళ్లు మూసుకోమని, అరికాలిలో పది చోట్ల తాకించాడు. పది గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది. తాకినప్పుడల్లా "ఆఁ" అనమన్నాడు. అన్నయ్య నాలుగుసార్లే అన్నాడు.

బూటు ఎంపికలో పొడవును వేళ్లతో కొలవవచ్చు, వెడల్పును అంకెతో పోల్చవచ్చు. నొక్కుతున్నదా, గుచ్చుతున్నదా అన్నది మాత్రం పాదమే చెప్పాలి. మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు ఆ కబురు మోయడం మానేస్తాయి. అటువంటి పాదానికి బిగుతు బూటు హాయిగా తోస్తుంది, ఎందుకంటే బిగుతు తెలిసేంత స్పర్శ అయినా దొరుకుతుంది. వెల్లూరులో కుష్ఠురోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ తేల్చినదీ ఇటువంటి విషయమే. ఆ రోగుల చేతులూ పాదాలూ పాడవడానికి పెద్ద కారణం, నొప్పి తెలియక పదేపదే తగిలే మామూలు దెబ్బలు. నొప్పి అల్లాహ్ మనకిచ్చిన వరాలలో ఒకటని చెబితే, పంటి నొప్పితో ఉన్నవాడు ఒప్పుకోడు. ఆ కాగితాన్ని చూసినవాడు ఒప్పుకుంటాడు.

స్కీ బూటు వద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. దానితోపాటు తోటలో రబ్బరు చెప్పులూ వద్దన్నాడు. అడుగు మందంగా, లోపల మెత్తని రబ్బరు పొర ఉండి, వెనుక పట్టీ ఉన్న చెప్పులు చేయించమన్నాడు. తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. కొత్తవి మొదట గంటసేపే తొడిగి, విప్పి, ఎర్రబడిన చోటు ఉందేమో చూడాలి. ప్రతి రాత్రీ అరికాళ్లు చూసుకోవాలి, చూసుకోలేకపోతే ఇంట్లోవారు చూడాలి. వట్టికాళ్లతో ఇంట్లో కూడా తిరగరాదు. గాయం మానేదాకా ఆ కాలి మీద బరువు మోపవద్దన్నాడు. గులాబీలు కోతకు వచ్చిన రోజులలో రైతును కూర్చోబెట్టడం ఎంత కష్టమో భాభీని అడగాలి. మానడానికి మూడు నెలలు పట్టింది. మరికొన్ని వారాలు ఆలస్యమైతే ముల్లు దగ్గరి ఎముక దాకా చీము చేరి ఉండేదని, అప్పుడు వేలు తీయవలసి వచ్చేదేమోనని డాక్టరు తరువాత చెప్పాడు.

ఇప్పుడు ఇషా తరువాత మా అన్న చిన్న కూతురు తండ్రి కాళ్లు ఒళ్లో పెట్టుకుని టార్చి వేసి చూస్తుంది. ఆ పనికి ప్రతిఫలంగా ఒక షరతు పెట్టింది. వచ్చే శీతకాలం అన్నతో తననూ గుల్‌మర్గ్ పంపాలట. మొన్న నేను వెళ్లేసరికి కాగితం గోడకు ఆనించి సిద్ధంగా ఉంచింది. కిందటేడు 22.8 ఉన్న పాదం ఇప్పుడు 23.4కి చేరింది. ఎదిగే పిల్లలకు ముందుగా బూట్లు కొని పెట్టవద్దని, వెళ్లే నెలలోనే మళ్లీ కొలుద్దామని చెప్పాను. అన్నయ్య కుర్చీలోంచి లేచి, ఎవరూ అడగకుండానే వచ్చి కాగితం మీద కాలు పెట్టాడు.